చేలో నిలిచే ఛార్జరు కావాలి

సైన్సు ప్రయోగశాల గోడలు దాటి పొలానికి రావాలని ప్రతి సభలోనూ వింటున్నాం. ఒక విధంగా వచ్చింది కూడా. చేత్తో కొట్టే పంపు స్థానంలో బ్యాటరీ స్ప్రేయరు వచ్చింది. మహిళా సంఘాలకు మందు కొట్టే డ్రోన్లిచ్చే పథకాన్ని 2023లో కేంద్రప్రభుత్వం ఆమోదించింది. విదేశాల్లోనైతే తోటలో గడ్డి కోసి, ఛార్జి తగ్గగానే తమంతట తామే వెళ్ళి స్టాండుకు ఆనుకునే రోబోలున్నాయి. స్వీడన్‌కు చెందిన హస్క్‌వర్నా కంపెనీ ఎండతో నడిచే గడ్డికోత రోబోను 1995లోనే తెచ్చింది. రేపు అవి మన కొబ్బరితోటల్లోకీ రావచ్చు. బాగానే ఉంది. మరి వీటన్నిటికీ తిండి పెట్టే ఛార్జరు మాటేమిటి?

మాది మొగల్తూరు. సముద్రపు గాలికి ఇనప మేకు కూడా తొందరగా తుప్పు పడుతుంది. ఛార్జరు ఉండేది ఎరువుల బస్తాల పక్కన, చీమలూ ఎలుకలూ తిరిగే పాకలో. కరెంటు 230 వోల్టులని పుస్తకంలో చదువుతాం గానీ, మోటార్లన్నీ ఆడే వేళ ఎంతొస్తోందో గుడ్డిగా వెలిగే బల్బే చెబుతుంది. అలాంటి చోట గాలికోసం చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా ఎన్నాళ్ళాగుతుంది? సుడిదోమ పడ్డ వారంలోనే మా ఛార్జరు పోయింది. "బ్యాటరీ బానే ఉందిరా, దానికి కూడు పెట్టేదే చచ్చింది" అన్నారు నాన్న. సుడిదోమ మెకానిక్కు వచ్చేదాకా ఆగదు కదా!

దీనికి గొప్ప పరిశోధన అక్కర్లేదు. తడి తగిలిన పిన్నులో వోల్టేజి ఉంటే పాజిటివ్ వైపు లోహం కరిగిపోతుంది. ఇది ఇంటర్‌లో చదివిన ఎలక్ట్రోలిసిస్ పాఠమే. బ్యాటరీ తగిలాకే వోల్టేజి వచ్చేలా సర్క్యూట్ కడితే సరి. చిల్లులకు బదులు అల్యూమినియం ఒంటిగుండా వేడి బయటికి పోవాలి. లిథియం బ్యాటరీని సాధారణంగా 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జి చేయకూడదు. రేకులషెడ్డులో మే నెల మధ్యాహ్నం ఛార్జరు తనే ఆగిపోవాలి.

రెసిన్ పోసి మొత్తం మూసేస్తే నీరు రాదంటారు. నిజమే. కానీ పాడైతే నరసాపురం మెకానిక్కు విప్పలేడు, పారెయ్యడమే. సర్క్యూట్ బోర్డుకు వార్నిష్ పూత చాలు. ఫ్యూజు, వైరు మాత్రం స్క్రూలు విప్పి మార్చుకునేలా ఉండాలి. ఖరీదు పెరుగుతుందా? పెరగనివ్వండి. ఒక పంటకంటే ఎక్కువ కాదు.

అధ్యాపకులకు నాదొక మనవి. దీన్ని ప్రాజెక్టుగా ఇవ్వండి. తయారైన ఛార్జరును ఒక వానాకాలమంతా రైతు పాకలో ఉంచి, ఆ తర్వాతే మాకు మార్కులు వెయ్యండి.