వెచ్చని వసంతంలో చలి గండం: కొండ ప్రాంతాల వాతావరణ అంచనాలపై పునరాలోచన

ఏటా ఫిబ్రవరి ముగిసే వేళకు భారత వాతావరణ విభాగం మార్చి నుంచి మే వరకు గల కాలానికి ఉష్ణోగ్రతల అంచనాను వెలువరిస్తుంది. ఇటీవలి సంవత్సరాలలో ఈ అంచనాలలో ‘సాధారణం కంటే అధికం’ అన్న మాట తరచుగా కనిపిస్తున్నది. మైదాన ప్రాంత రైతుకు ఇది వడగాడ్పుల హెచ్చరిక. హిమాచల్ ప్రదేశ్‌లోని సిమ్లా, కులు, కిన్నౌర్ జిల్లాల ఆపిల్ రైతుకు మాత్రం ఇదే మాట చలి గండం గడిచిందన్న భరోసాగా వినిపించే ప్రమాదం ఉన్నది. ఆ భరోసాకు శాస్త్రీయమైన ఆధారం లేదు. వసంతం ముందుగా వెచ్చబడిన సంవత్సరంలో గడ్డకట్టే మంచు వల్ల పూతకు కలిగే ముప్పు తగ్గకపోగా పెరగవచ్చు. విస్తరణ సలహాలు ఈ సత్యాన్ని ఇంకా తగినంతగా ప్రతిబింబించడం లేదు.

దీనికి కారణం మొక్క స్వభావంలోనే ఉన్నది. డెలీషియస్ వర్గపు ఆపిల్ రకాలకు నిద్రావస్థ వీడడానికి 7 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ ఉష్ణోగ్రతలో సుమారు వెయ్యి గంటలు, కొన్నింటికి అంతకు మించి, గడవాలి. ఆ అవసరం తీరిన తరువాత మొగ్గ వికాసాన్ని వెచ్చదనమే నడిపిస్తుంది. మొగ్గ విచ్చుకొంటున్నకొద్దీ చలిని తట్టుకొనే శక్తి క్షీణిస్తుంది. మొగ్గ కొన పచ్చబడే దశలో సుమారు మైనస్ 7.8 డిగ్రీల వద్ద పది శాతం మొగ్గలు నశిస్తే, పూర్తి పూత దశలో అంతే నష్టానికి మైనస్ 2.2 డిగ్రీలు చాలు. అదే దశలో మైనస్ 3.9 డిగ్రీలకు చేరితే తొంభై శాతం పూత నశిస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలల వేడి పూతను పది రోజులు ముందుకు జరిపితే, నిన్నటి వరకు హాని చేయని చలి రాత్రి నేడు పంటను హరించగలదు.

ఋతుకాల అంచనా మూడు నెలల సగటును గురించి చెబుతుంది. పూతను చంపేది ఒక్క రాత్రి. ఈ రెండింటికీ మధ్య ఉన్న అంతరాన్ని ప్రపంచ అనుభవం పలుమార్లు రుజువు చేసింది. 2007లో అమెరికా తూర్పు రాష్ట్రాలలో వెచ్చని మార్చి తరువాత ఏప్రిల్ తొలి వారంలో వచ్చిన చలి పండ్లతోటలను, గోధుమను దెబ్బతీసింది. 2021 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ ద్రాక్షతోటలకు పట్టిన గతి కూడా ఇదే. భూతాపం పెరుగుతున్నందున మంచు బెడద దానంతట అదే తొలగిపోతుందన్న వాదం చలి రాత్రుల సంఖ్యను మాత్రమే లెక్కిస్తుంది. ఆ రాత్రులలో మొక్క ఏ దశలో ఉన్నదో లెక్కించదు.

పశ్చిమ హిమాలయాలలో ఈ ముప్పు వచ్చే తీరు ప్రత్యేకమైనది. పశ్చిమ అలజడులు వానను, ఎత్తైన చోట్ల హిమాన్ని కురిపించి తూర్పుకు సాగిపోతాయి. వాటి వెనుక పొడి చల్లగాలి ప్రవేశిస్తుంది, ఆకాశం నిర్మలమవుతుంది, రాత్రికి గాలి స్తంభిస్తుంది. నేల తన వేడిని వేగంగా కోల్పోతుంది. బరువైన చల్లగాలి వాలుల వెంట జారి లోయ అడుగున నిలుస్తుంది. సాధారణంగా కిలోమీటరు ఎత్తుకు సుమారు 6.5 డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత తగ్గవలసి ఉండగా, అటువంటి రాత్రి లోయ అడుగుకంటే నడుమ వాలే వెచ్చగా ఉంటుంది. పైగా మొగ్గ ఉపరితలం చుట్టూ ఉన్న గాలికంటే ఒకటి రెండు డిగ్రీలు చల్లగా ఉండవచ్చు. జిల్లా మొత్తానికి ఇచ్చే ఒకే కనిష్ఠ ఉష్ణోగ్రత ఇక్కడ ఏ తోటకూ సరిపోదు.

హెచ్చరికల ప్రమాణాలలోనూ ఒక లోపం ఉన్నది. కొండ ప్రాంతాలలో కనిష్ఠ ఉష్ణోగ్రత సున్నాకు లేదా అంతకు దిగువకు చేరి, సాధారణం కంటే కనీసం 4.5 డిగ్రీలు తగ్గినప్పుడు శీతలగాలులుగా పరిగణిస్తారు. సాధారణ కనిష్ఠం 1 డిగ్రీ ఉన్న చోట మైనస్ 2.5 నమోదైతే తగ్గుదల 3.5 డిగ్రీలే; అది శీతలగాలి కాదు. అయినా పూర్తి పూతలో ఉన్న తోటకు అది నష్టమే. ప్రమాణం వాతావరణానికి సరైనదే కావచ్చు, పంటకు మాత్రం చాలదు.

కాబట్టి సలహాను మూడు అంచెలుగా మలచాలి. ఋతుకాల అంచనా వెచ్చదనాన్ని సూచిస్తే, అది పూత దశల పరిశీలనను ముందుగా ప్రారంభించడానికి సంకేతం కావాలి. ప్రతి గురువారం వెలువడే విస్తృత శ్రేణి సూచన నీటి వసతి, పరికరాల సన్నద్ధతకు ఆధారం కావాలి. మూడు నుంచి ఐదు రోజుల సూచన చర్యకు పిలుపు కావాలి. ఆ పిలుపులో సంభావ్యత అంకెలలో ఉండాలి. రక్షణ పూర్తిగా ఫలిస్తుందనుకొంటే, దానికి పది రూపాయలు ఖర్చయి అది నూరు రూపాయల నష్టాన్ని ఆపగలిగినప్పుడు, ముప్పు సంభావ్యత పది శాతం దాటితే చర్య తీసుకోవడమే లాభదాయకం. ‘మంచు పడే అవకాశం ఉన్నది’ అన్న వాక్యంతో రైతు ఈ లెక్క వేయలేడు. తరచూ హెచ్చరిస్తే రైతుల నమ్మకం సడలుతుందన్న అభ్యంతరానికి సమాధానం కూడా ఇదే: అంకె చెప్పిన హెచ్చరిక ఫలించకపోయినా అబద్ధం కాదు.

రక్షణ పద్ధతులను చెప్పేటప్పుడూ జాగ్రత్త అవసరం. పొగ వేయడం వల్ల ప్రయోజనం స్వల్పం. నేల నుంచి వెలువడే దీర్ఘతరంగ వికిరణాన్ని పొగ అంతగా అడ్డుకోదు. కలుపు లేని తడి నేల పగటి వేడిని ఎక్కువగా నిల్వ చేసుకొంటుంది గనుక ముందురోజు నీరు పెట్టడం మేలు. తుంపర్ల పద్ధతిలో ఒక గ్రాము నీరు గడ్డకడితే 80 కేలరీల వేడి వెలువడుతుంది. అదే నీరు ఆవిరైతే సుమారు 600 కేలరీలు గ్రహిస్తుంది. మంచు కరగకముందే తుంపర్లను ఆపిన రైతు అసలు మొదలుపెట్టని రైతుకంటే అధికంగా నష్టపోవచ్చు. ఈ ఒక్క వాక్యం సలహాపత్రంలో లేకపోతే మిగిలిన సలహా ప్రమాదకరం.

ఇంతటి స్థానికమైన సలహాకు స్థానికమైన వ్యవస్థ కావాలి. కృషి విజ్ఞాన కేంద్రాలలో నెలకొల్పిన జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాలు 2024లో మూతపడ్డాయి. అనేక జిల్లాలతో కూడిన మండలాన్ని ఒకే కేంద్రం నుంచి చూసే ఏర్పాటు మైదానానికి కొంతవరకు చెల్లవచ్చు. లోయకొక వాతావరణం ఉన్న కొండలకు చెల్లదు. ఆ విభాగాల పునరుద్ధరణ కొండ జిల్లాలతో మొదలు కావడం న్యాయం.

తెలుగు నేలపై అల్లూరి సీతారామరాజు జిల్లాలోని చింతపల్లి, లంబసింగి ప్రాంతాలకు ఇదే ఆలోచనా క్రమం వర్తిస్తుంది. అక్కడ చలి తీవ్రత వసంతంలో కాక డిసెంబరు, జనవరి నెలల్లో ఉంటుంది, పంటలూ వేరు. ఆపిల్ పరిమితులను కాఫీకి, రాజ్మాకు అంటగట్టడం తగదు. పంటవారీగా దశలను, ఆ దశలలో హాని కలిగించే ఉష్ణోగ్రతలను నిర్ధారించడం, లోయ అడుగున ఒక ఉష్ణమాపకం, నడుమ వాలులో మరొకటి అమర్చి తేడాను నమోదు చేయడం స్నాతకోత్తర విద్యార్థి ఒక్క ఋతువులో ఆరంభించదగిన పని. వాతావరణ అంచనా ఆకాశాన్ని గురించి చెబుతుంది. దానిని మొగ్గకు అన్వయించే బాధ్యత వ్యవసాయ శాస్త్రానిది.