నాటువారు పెక్కండ్రు, నీరు పోయువారేరి?

గ్రామమున ఉమ్మడి తోట వేయుదమన్నచో చేయి కలుపనివా రుండరు. గుంత త్రవ్వువారొకరు, మొక్క తెచ్చువారొకరు, కంచె కట్టువారొకరు. అనంతపురము జిల్లాలో మేము చూచిన యొక తోటను తొలకరిలో నాటిననాడు ఊరంతయు వచ్చినది. మఱుసటి యేట రోహిణికార్తెలో మరల అచటికి పోగా, కుండలు నింపుచున్న నలుగురైదుగురు స్త్రీలు మాత్రమే కానవచ్చిరి. తక్కినవారేరని యడుగగా, "ఇవి బెట్టకు తాళు మొక్కలే గదా, వీనికి నీరెందులకని మానివేసిరి" అని చెప్పిరి. ఈ మాటయే మన తోటలను చంపుచున్నదని మా యభిప్రాయము.

బెట్టకు తాళుట మొక్కకు పుట్టుకతో వచ్చిన గుణమే యైనను, వేరు లోతునకు దిగిన పిమ్మటనే అది పని చేయును. రేగు, సీతాఫలము, ఉసిరి, చింత మొదలగునవి ముదిరిన పిమ్మట ఎండకు జంకవు. కాని నాటిన తొలి రెండు మూడు వేసవులలో వాని వేళ్లు ఇంకను పైమట్టిలోనే యుండును. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు ఆ యెఱ్ఱనేలలో, వేసవి ముదిరినకొలది పైమట్టి బొత్తిగా ఎండిపోవును. రోహిణి యెండలకు రోళ్లు పగులునన్న మాట మన మెఱుగనిది కాదు. మే నెల 25వ తేది ప్రాంతమునుండి మృగశిర ప్రవేశించువఱకు గల దినములే లేతమొక్కకు పరీక్షాకాలము.

చేయవలసిన పని పెద్దది కాదు. మెఱుగు పూయని మట్టికుండను మొక్కప్రక్క మెడవఱకు పాతి, నీటితో నింపి మూత పెట్టిన, తడి మెల్లగా నూరి వేళ్లకందును. నేలమీద పోసిన నీటివలె ఆవిరియై పోదు. చీనాదేశమున రెండువేల యేండ్లకు పూర్వమే ఈ పద్ధతిని వ్యవసాయగ్రంథమున వ్రాసియుంచిరి. కుండను ఎన్నడును పూర్తిగా ఎండనీయరాదు. మొదలునకు బెత్తెడు దూరము విడిచి, చుట్టును నాలుగంగుళముల మందమున ఎండుటాకులు పఱచవలెను. కంచెలో కంత పడినదేమో దినదినము చూడవలెను. ఊరిలో పచ్చనాకు తోటలోనే మిగిలిన కాలమున మేక రాక మానదు. మఱియొక మాట. సీతాఫలమును రేగును వేసవిలో ఆకు రాల్చును. అది చావు కాదు. బెరడును గోటితో గీచి చూచినపుడు లోపల పచ్చగా నున్నచో మొక్క బ్రదికియున్నది, తొందరపడి పెఱికివేయరాదు.

కూలి యిచ్చి యొకనిని నియమింపరాదా యని కొందఱందురు. ధనమున్నచోట అట్లే చేయవచ్చును. కాని పైకము చాలక కూలి నిలిచిపోయినచో, నడివేసవిలో మొక్కను చూచు దిక్కుండదు. స్వచ్ఛంద సేవయే మనకు తగినది. అయితే సేవ యన్న పేరున, ఇంటి నీరు మోసి యలసిన స్త్రీలపైననే తోటనీటి భారమును మోపుట న్యాయము కాదు. తోట ఊరిదైనపుడు శ్రమయు ఊరిదే కావలెను.

కావున సంఘములవారికి మా సూచన యిది. వచ్చు ఫాల్గుణమాసములోనే సమావేశము జరిపి, అధ్యక్షుని యిల్లు మొదలుకొని ఇంటికొక వంతు చొప్పున పట్టిక వ్రాసి, తీర్మానముల పుస్తకమున చేర్చవలెను. వృద్ధులకును రోగులకును వంతు విడువవలెను. కాపు పంచుకొను దినమున వేసవిలో కుండలు నింపినవారు మొదట తీసికొనవలెను. వంతు తప్పినవారు తుదిని నిలువవలెను.

ఈ యేటి కింకను కొన్ని దినములు మిగిలియున్నవి. మీ తోటలో నేటి వంతు ఎవరిదో ఈ సాయంకాలమే విచారించుకొనుడని సభ్యులకు మా మనవి.