మంచు తొలగితేనే సాక్ష్యమా?



చలికాలం వచ్చిందంటే మన ప్రార్థన విన్నపాల్లో ఈ మూడు నాలుగేళ్ళుగా ఒక కొత్త రకం కనిపిస్తోంది. "అయ్యగారూ, ఓడ ఎక్కడానికి వచ్చాం. పొగమంచు పట్టేసింది. ఓడ రేవులోకి రాలేదు. ప్రార్థన చేయండి." ఇవి ఎక్కువగా అమెరికాలోని గాల్వెస్టన్ నుంచి వస్తాయి. టెక్సాస్ రాష్ట్రంలో, హ్యూస్టన్‌కు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న దీవి అది. మెక్సికో వైపు తిరిగి వచ్చే విహార ఓడలు అక్కడ బయలుదేరతాయి. హ్యూస్టన్‌లో ఉద్యోగాలు చేసుకునే మన పిల్లలు, ఊరినుంచి వెళ్ళిన అమ్మానాన్నలను నాలుగైదు రోజులు ఓడమీద తిప్పి తీసుకురావాలనుకుంటారు. అందులో తప్పేమీ లేదు. నలభై ఏళ్ళు మిరపచేలో నడుం వంచిన తల్లి ఒక సాయంత్రం ఓడమీద కుర్చీ వేసుకొని సముద్రం చూస్తే ప్రభువు సంతోషిస్తాడు గాని కోప్పడడు. ఈ మాట మన పెద్దల్లో కొందరికి నచ్చదని తెలుసు, అయినా అంటున్నాను.

ఆ విన్నపం వెనకాలే, సాయంత్రానికో మర్నాటికో ఇంకో మెసేజ్ వస్తుంది. "దేవుడు మంచు తొలగించాడు అయ్యగారూ, ఓడ కదిలింది, ఆదివారం సాక్ష్యంగా చదవండి." నేను రాయాలనుకున్నది ఈ రెండో మెసేజ్ గురించే. దేవునికి కృతజ్ఞత చెప్పండి, మనసారా చెప్పండి. కానీ దాన్ని సంఘం ముందు సాక్ష్యంగా నిలబెట్టకూడదని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ మంచు సంగతి తెలియాలి.

మన దగ్గర పుష్యమాసంలో పొలాల మీద దిగే మంచు వేరు. రాత్రి నేల చల్లబడుతుంది, నేలను ఆనుకున్న గాలి చల్లబడుతుంది, తెల్లారేసరికి ఎదుటి మనిషి కనపడడు. ఎండ ఎక్కి తొమ్మిదింటికల్లా అంతా విడిపోతుంది, హైవే మీద లారీలు మళ్ళీ కదులుతాయి. గాల్వెస్టన్‌లో చిక్కుకున్న మనవాళ్ళు కూడా అదే లెక్క వేసుకుంటారు: "కాసేపు ఆగితే ఎండ వస్తుందిలే" అని. అక్కడి మంచు సముద్రం మీద పుట్టేది. గల్ఫ్ ఆఫ్ మెక్సికో మీదినుంచి వెచ్చని తడిగాలి నెమ్మదిగా ఒడ్డువైపు వస్తుంది. చలికాలంలో ఒడ్డు దగ్గరి నీళ్ళు చల్లగా ఉంటాయి. ఆ చల్లని నీటిమీదికి రాగానే గాలిలోని తడి మంచుగా మారుతుంది. అలాంటి గాలి వీస్తున్నంతకాలం కొత్త మంచు పుడుతూనే ఉంటుంది. పైన సూర్యుడున్నా విడిపోకపోవచ్చు. ఒక్కోసారి రెండు మూడు రోజులు అలాగే ఉంటుంది. చాలాసార్లు ఉత్తరం నుంచి పొడి చలిగాలి వచ్చి తోస్తేగాని పోదు.

ఇక ఓడ ఎందుకు ఆగుతుంది? రాడార్ ఉంది కదా అని మన కుర్రాళ్ళు అడుగుతారు. గాల్వెస్టన్‌లో 2022 చివర్లో కొత్త టెర్మినల్ తెరిచినప్పుడు అక్కడికి వచ్చిన అల్యూర్ ఆఫ్ ది సీస్ అనే ఓడ పొడవు సుమారు 360 మీటర్లు. మన ఊళ్ళో చర్చి దగ్గరినుంచి చెరువు గట్టు దాకా అనుకోండి. ఇంత ఓడ రేవులోకి రావాలంటే కెప్టెన్ ఒక్కడు చాలడు. ఆ రేవు లోతులు, ప్రవాహాలు, మలుపులు తెలిసిన స్థానికుడు ఒకరు ఎక్కాలి. అతన్ని పైలట్ అంటారు, విమానం నడిపే పైలట్ కాదు. చిన్న పడవలో ఎదురు వెళ్ళి, కదులుతున్న ఓడ పక్కన వేలాడే తాడు నిచ్చెన పట్టుకొని పైకి ఎక్కుతాడు. మంచు దట్టమైతే ఈ పైలట్లు ఓడలు ఎక్కడం ఆపేస్తారు. అదే నీళ్ళలో నూనె ఓడలు, బార్జీలు, రొయ్యల పడవలు తిరుగుతుంటాయి. అక్కడినుంచి బొలీవర్ అనే ఎదుటి ఒడ్డుకు ప్రభుత్వం ఉచితంగా నడిపే బల్లకట్టు లాంటి ఫెర్రీ ఉంది, దట్టమైన మంచులో అదీ ఆగుతుంది.

ఉదయం రావలసిన ఓడే సాయంత్రం మళ్ళీ వెళ్ళవలసింది. అది బయట సముద్రంలో ఆగిపోతే దిగవలసిన వేలమంది లోపల, ఎక్కవలసిన వేలమంది ఒడ్డున. లోపలివాళ్ళకు విమానాలు తప్పిపోతుంటాయి, సెలవులు అయిపోతుంటాయి. వాళ్ళలో తండ్రి సమాధి కార్యక్రమానికి అందుకోవలసినవాడు ఉండవచ్చు. వాళ్ళూ ప్రార్థన చేస్తూనే ఉంటారు. మనవాళ్ళు ఎక్కవలసిన ఓడ మూడింటికి కదిలి, మంచు మళ్ళీ దిగి పక్క ఓడ మర్నాటిదాకా నిలిచిపోయిందనుకోండి. పక్క ఓడలోని విశ్వాసుల ప్రార్థన దేవుడు వినలేదనా? కల్లంలో మిరపకాయలు ఎండబోసుకున్నవాడు వాన వద్దంటాడు, నారుమడి పోసుకున్నవాడు రావాలంటాడు. ఇద్దరూ మన సంఘంలోనే ఒకే బల్ల మీద కూర్చుంటారు. ఆ ఆదివారం ఎవరి సాక్ష్యం చదవమంటారు?

ఇది నవ్వులాట ప్రశ్న కాదు. 1914 మే 29 తెల్లవారుజామున కెనడాలోని సెయింట్ లారెన్స్ నదిలో ఎంప్రెస్ ఆఫ్ ఐర్లాండ్ అనే పెద్ద ఓడ వెళ్తోంది. అప్పటికి కొద్దిసేపటి క్రితమే పైలట్‌ను దింపేసింది. ఎదురుగా బొగ్గుతో వస్తున్న స్టోర్‌స్టాడ్ అనే ఓడ దీపాలు కనబడ్డాయి, వీళ్ళ దీపాలు వాళ్ళకూ కనబడ్డాయి. అంతలో ఇద్దరి మధ్యకు మంచు దిగింది. స్టోర్‌స్టాడ్ వచ్చి పక్కను చీల్చింది. పావుగంట లోపే ఎంప్రెస్ మునిగిపోయింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. వాళ్ళలో నూరుమందికి పైగా సాల్వేషన్ ఆర్మీవారు. మన బాపట్ల, నిడుబ్రోలు వైపు వాళ్ళకు సాల్వేషన్ ఆర్మీ కొత్త కాదు. లండన్‌లో జరిగే వారి అంతర్జాతీయ మహాసభకు దేవుని స్తుతించడానికి బయలుదేరినవాళ్ళు వాళ్ళు. వారి వాయిద్య బృందంలో చాలామంది ఆ రాత్రే పోయారు. వాళ్ళ విశ్వాసంలో లోపం ఉందని, వాళ్ళు సరిగా ప్రార్థన చేయలేదని అనడానికి ఎవరికి నోరు వస్తుంది? ఓడ సమయానికి కదలడాన్ని దేవుని దయకు కొలతగా పెట్టుకుంటే, తెలియకుండానే మనం ఆ మాట అంటున్నట్టే.

"1914లో రాడార్ లేదు కదండీ" అనవచ్చు. 1956 జూలై 25న అమెరికా తూర్పు తీరంలో ఆండ్రియా డోరియా, స్టాక్‌హోమ్ అనే ఓడలు మంచులో గుద్దుకున్నాయి. రెండింటికీ రాడార్ ఉంది. రాడార్‌లో ఒకదాన్నొకటి చూసుకున్నాయి కూడా. అయినా 51 మంది పోయారు. అందుకని, ఈరోజు కుదరదు అని చెప్పే పైలట్ మీద విసుక్కునేవాళ్ళను చూస్తే నాకు బాధగా ఉంటుంది. మంచు తొలగించమని అడిగేముందు, ఆ పైలట్‌కు సరైన తీర్పు ఇవ్వమని, కంపెనీల ఒత్తిడికి లొంగని ధైర్యం ఇవ్వమని అడగాలి. ఓడ కదలకుండా ఉండటమే ఆ ప్రార్థనకు జవాబు కావచ్చు.

ఈ మాట చెప్పగానే అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం నా ముందు పెట్టేవాళ్ళు ఉన్నారు. శతాధిపతి పౌలు మాట పక్కనపెట్టి నావికుడి మాట, ఓడ యజమాని మాట నమ్మాడు, ఓడ పోయింది. కాబట్టి లోకజ్ఞానం కంటే దైవజనుని మాట వినాలి అని ఆ భాగం ప్రసంగిస్తారు. సగం వరకు నిజమే. కానీ పౌలు చెప్పినది ఏమిటి? వెళ్ళవద్దు, ఆగండి అని. బయలుదేరదామని తొందరపడింది అవతలివాళ్ళు. ఇంకా కిందికి చదవండి. చాలా రోజులు సూర్యుడూ నక్షత్రాలూ కనపడలేదు. ఒక్క ప్రాణం కూడా పోదని దేవుని దూత వచ్చి పౌలుకు చెప్పాడు. వాగ్దానం చేతిలో ఉంది. ఆ తరువాత లోతు కొలిచారు, ఇరవై బారలు. ఇంకొంత దూరం పోయి కొలిస్తే పదిహేను. నాలుగు లంగరులు వేసి తెల్లవారడం కోసం చూశారు. ఆ చీకట్లో ఓడవాళ్ళు చిన్న పడవ దించి జారుకోబోయారు. పౌలు వెంటనే శతాధిపతితో, వీళ్ళు ఓడలో ఉండకపోతే మీరెవరూ బతకరు అన్నాడు. దూత మాట విన్న మనిషే ఆ మాట అన్నాడు! వాగ్దానం ఉంది కదా, నావికులతో పనేమిటి అనలేదు. ఈ వచనం మన ప్రసంగాల్లో ఎందుకు వినపడదో నాకు అర్థం కాదు.

తరువాత ఆయన చేసిన పని ఇంకా చిన్నది, ఇంకా గొప్పది. పద్నాలుగు రోజులుగా సరిగా తినని 276 మందిని భోజనం చేయమని బతిమాలాడు. వాళ్ళ ముందు రొట్టె పట్టుకొని దేవునికి కృతజ్ఞత చెప్పి, తాను తినడం మొదలుపెట్టాడు. వాళ్ళకు ధైర్యం వచ్చింది. గాలి ఇంకా ఆగలేదు, తెల్లవారలేదు, ఓడ దక్కలేదు. మనం సాక్ష్యం అనవలసినది అదిగో అక్కడుంది.

కాబట్టి గాల్వెస్టన్ నుంచి నాకు ఇలాంటి మెసేజ్ పంపండి: "అయ్యగారూ, ఓడ రాలేదు. టెర్మినల్ దగ్గర ఒక ముసలాయన నిలబడలేకపోతుంటే మా కుర్చీ ఇచ్చాం. చంటిబిడ్డ తల్లికి మా పులిహోర పెట్టాం. కౌంటర్‌లో అమ్మాయిని అందరూ తిడుతుంటే మేం తిట్టలేదు." సంఘం ముందు నిలబడి అది సంతోషంగా చదువుతాను. కౌంటర్‌లో ఉన్న ఆ అమ్మాయి మంచును తేలేదు, ఆపనూ లేదు. ఓడలో గదులు ఊడ్చేవాళ్ళు, గిన్నెలు కడిగేవాళ్ళు ఫిలిప్పీన్స్ నుంచి, ఇండోనేషియా నుంచి, మన దేశం నుంచి నెలల తరబడి ఒప్పందం మీద వచ్చినవాళ్ళు. రేవులో ఓడ ఆగే ఆ కొద్ది గంటల్లోనే వాళ్ళలో కొందరికి ఒడ్డున కాలుపెట్టి ఇంటికి ఫోన్ చేసుకునే వీలు దొరుకుతుంది. మంచు మన విహారంలో ఒక పూట తింటే, వాళ్ళకు ఆ ఫోనే పోతుంది. ఆలస్యాన్ని పూడ్చడానికి వాళ్ళే రెట్టింపు వేగంతో పనిచేయాలి.

సంఖ్యాకాండము 9వ అధ్యాయం చివరి భాగం ఈ వారం ఇంట్లో చదవండి. మేఘం గుడారం మీద నిలిస్తే ఇశ్రాయేలీయులు దిగేవారు, లేస్తే బయలుదేరేవారు. ఒకసారి సాయంత్రం నుంచి ఉదయం వరకే, ఒకసారి రెండు రోజులు, ఒకసారి నెల, ఒకసారి అంతకంటే ఎక్కువ. ఎన్నాళ్ళో ముందుగా ఎవరికీ చెప్పలేదు. గుడారాలు వేసుకోవాలి, పొయ్యి వెలిగించాలి, రేపే విప్పవలసి రావచ్చు. నడిచిన రోజులతో సమానంగా ఆగిన రోజులను కూడా ఆ అధ్యాయం విధేయతగానే లెక్క కట్టింది. గాల్వెస్టన్ మంచు ఆ మేఘం అని నేను అనడం లేదు, అలాంటి పోలికలు అతికించడం నాకు ఇష్టం ఉండదు. ఆగి ఉన్నవాడు కూడా దేవుని ఎదుటే ఉన్నాడని మాత్రం చెబుతున్నాను.

కొన్ని ఇంటి మాటలు కూడా. అమ్మానాన్నల షుగరు, బీపీ మాత్రలు పెద్ద పెట్టెలో పెట్టకండి. ఆ పెట్టెను రేవులో ముందే తీసుకుంటారు, రాత్రికిగాని చేతికి రాకపోవచ్చు. ప్రయాణం నాలుగు రోజులైతే ఏడు రోజుల మాత్రలు చేతిసంచిలో ఉండాలి. ఇన్సులిన్ వాడేవారైతే అది, దానితోపాటు తినడానికి ఏదైనా దగ్గరుండాలి. ఓడ దిగే రోజే ఇండియా విమానం టికెట్ తీసుకోకండి. డిసెంబరు నుంచి మార్చి వరకు అసలే వద్దు. ఓడ కంపెనీ ఆలస్యంగా రమ్మని మెసేజ్ పంపితే ఆలస్యంగానే వెళ్ళండి, ముందే వెళ్ళి పెద్దవాళ్ళను ఎండలోనో చలిలోనో నిలబెట్టకండి. ఒక రేవు దగ్గర ఓడ ఆగకుండా వెళ్ళిపోవచ్చని వాళ్ళకు ముందే చెప్పి ఉంచండి. తీసుకున్న ఇన్సూరెన్స్ ఆలస్యానికి వర్తిస్తుందో, వైద్యానికి మాత్రమేనో కాగితం చదివి చూసుకోండి.

ఈ ఆదివారం ఆరాధనలో ఓడల మీద పనిచేసేవాళ్ళ కోసం, రేవు పైలట్ల కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేద్దాం. మన కోస్తా పిల్లలు కూడా ఓడ ఉద్యోగాలకు వెళ్తున్నారు. మీ ఇంట్లోగాని, మీ బంధువుల్లోగాని అలాంటివాళ్ళు ఉంటే శనివారం సాయంత్రం లోపు పేరు, ఇప్పుడు ఏ సముద్రంలో ఉన్నారో అమ్మగారి ఫోనుకు పంపండి. విహారానికి వెళ్ళి ఓడ దిగినవాళ్ళు కూడా, మీ గది శుభ్రం చేసిన మనిషి పేరు గుర్తుంటే పంపండి.