పంచాయతి సభ్యుడు ఎవరివాడు?

సఖినేటిపల్లి రేవున పంటు ఎక్కువారిని "నీవే పార్టీవాడవు?" అని అడుగు ఆచారము లేదు. వసిష్ఠ గోదావరికి ఈ యొడ్డున సఖినేటిపల్లి, ఆ యొడ్డున నరసాపురము. కొబ్బరికాయల బస్తాతో వచ్చిన రైతు, ఆసుపత్రికి పోవు గర్భిణి, చదువుకై పోవు విద్యార్థి, అంతర్వేది స్వామి దర్శనము చేసికొని మరలు యాత్రికుడు, అందరును ప్రక్కప్రక్కన నిలిచి ఏరు దాటుచు వచ్చిరి. రేవు అందరిది గనుక ఇది యెవరికిని వింతగా తోచలేదు. పంచాయతి కార్యాలయము గూడ రేవువంటిదే, అదియు అందరిది. కాని దాని గడప యెక్కినవానికి నేడు కోనసీమలోనే కాదు, తెలుగునాట పెక్కుచోట్ల ముందుగా ఎదురగునది ఆ ప్రశ్నయే.

ఈ ప్రశ్నను గ్రామములోనికి తెచ్చినవా డెవడు? పైనుండి వచ్చిన నాయకుడు కాడు. అతడు ఐదేండ్ల కొకమారు వచ్చి పోవును. తెచ్చినవాడు మన వీథిలోనివాడే, మనము పేరుపెట్టి పిలుచువాడే, మన చేతులార ఎన్నుకొన్న పంచాయతి సభ్యుడే. అతనికి రాజకీయాభిప్రాయ ముండరాదని మే మనుటలేదు; అది పౌరునిగా అతని హక్కు. కాని ప్రమాణము చేసి ఊరి పెత్తనము స్వీకరించినవాడు ఒక పార్టీకి ప్రచారకుడై, తన పదవిని ఆ ప్రచారమునకు పనిముట్టుగా చేసికొనుట ఊరికి ద్రోహమని మా నిశ్చితాభిప్రాయము.

చట్టమేమి చెప్పుచున్నదో మొదట చూతము. ఆంధ్రప్రదేశమున 1994 నాటి పంచాయతిరాజ్ చట్టము క్రింద మండల, జిల్లా పరిషత్తుల ఎన్నికలు పార్టీగుర్తులపై జరుగును. గ్రామపంచాయతి ఎన్నికలకు మాత్రము పార్టీగుర్తులు లేవు. ఇది మరపున జరిగినది కాదు. గ్రామమును పార్టీకలహములకు దూరముగా నుంచవలెనను సంకల్పముతోనే అట్లు చేసిరి. 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా జరిగిన ఎన్నికలలో వోటరు చేతికి వచ్చిన కాగితములపై ఉంగరము, కత్తెర వంటి గుర్తులు గలవే గాని ఏ పార్టీ చిహ్నమును లేదు. ఉపాధ్యాయులమైన మేము ఇట్టి ఎన్నికలలో పోలింగు బల్లవద్ద కూర్చున్నవారము. లోపల చట్టము నిష్ఠగా సాగుచుండును. గుమ్మము దాటినంతనే "ఉంగరము మనవారిది, కత్తెర వారిది" అని పసిపిల్లలు సైతము చెప్పుదురు. ఆ ఎన్నికల ఫలితములు వచ్చినంతనే రాష్ట్రములోని ప్రధానపార్టీలు రెండును, ఇన్ని పంచాయతులు మావి, ఇన్ని మావి యని లెక్కలు ప్రకటించుకొన్నవి. చట్టప్రకారము పోటీయే చేయనివారు గెలుపును పంచుకొనుట మన రాజకీయములలో తప్ప మరెచ్చట జరుగును?

గోడల సంగతి గూడ పాఠకులు మరచియుండరు. పంచాయతి కార్యాలయములకు అధికారపార్టీ జెండా రంగులు పూయగా, వానిని తొలగింపుమని 2020 మార్చిలో హైకోర్టు ఆదేశించెను. ప్రభుత్వము మరియొక రంగును చేర్చి క్రొత్త ఉత్తరువు తెచ్చెను. మే నెలలో దానిని గూడ హైకోర్టు కొట్టివేసెను. జూనులో సుప్రీంకోర్టు ప్రభుత్వపు మొఱను త్రోసిపుచ్చెను. ఒక్క పార్టీనే నిందించుటకు మే మీ మాట చెప్పుటలేదు. అధికారము చేతులు మారినప్పుడెల్ల రంగులును తోరణములును మారుచునే యున్నవి. ఊరి గోడకు పూసిన రంగును తుడుచుటకు దేశమున కెల్ల పైన నున్న న్యాయస్థానము వఱకు పోవలసివచ్చినదే, ఊరి మనసులకు పూసిన రంగును తుడుచుట కే కోర్టుకు పోవుదుము?

సంస్కృతమున పక్షమనగా రెక్క. పక్షపాతమనగా ఒక వైపునకు ఒరుగుట. ఆంగ్లమున పార్టీ యను పదమునకు మూలార్థము భాగమనియే. రెండు భాషలును చెప్పునది యొక్కటే: పార్టీ మొత్తము కాదు, ముక్క. శాసనసభలో ముక్కలుగా కూర్చుండి వాదించుకొనుటవలన ప్రయోజనము కలదు. అచట ప్రభుత్వమును నిలదీయు ప్రతిపక్ష ముండితీరవలయును. వీథికొళాయికి ప్రతిపక్ష మేమి? మురుగుకాలువకు సిద్ధాంత మేమి?

మేమెఱిగిన యొక ఊరిలో వర్షకాలమున ఒక వీథి మోకాలిలోతు నీటిలో మునిగెను. ఆ వీథివారు సభ్యునివద్దకు పోయి కాలువ పూడిక తీయింపుమని వేడుకొనిరి. శాసనసభ ఎన్నికలలో ఇల్లిల్లు తిరిగి ప్రచారము చేసిన ఆ సభ్యుని చేతిలో ఏ యింటి వోట్లెవరికి పడినవో వ్రాసికొన్న జాబితా యుండెను. "మీ వీథి వోట్లు మాకు రాలేదు గదా, వేసినవారినే అడుగుడు" అని అతడు పంపివేసెను. వాన మరి రెండు దినములు కురిసెను. ఆ వీథిలో నిలిచిన నీరు వెనుకకు తన్ని సభ్యుని పెరటిలోనికే వచ్చెను. నీటికి పల్లము తెలియును గాని పార్టీ తెలియదు.

కోనసీమవారికి ఈ సత్యము ఒకరు బోధింపనక్కరలేదు. మనది డెల్టా పల్లము. ఒకరి చేను మునిగినచో అది పొరుగువాని గట్టుతో ఆగదు. 2011లో కోనసీమ రైతులు మురుగుకాలువల దుస్థితికిని గిట్టుబాటుకాని ధరలకును నిరసనగా సార్వా పంటనే విరమించినప్పుడు, బీడుపడిన చేలు ఒక్క పార్టీవి కావు. 2022 జులైలో ధవళేశ్వరమునుండి 25 లక్షల క్యూసెక్కులకు మించిన వరద సముద్రమునకు పోయినప్పుడు లంకలు మునుగుటలో తరతమభేద ముండలేదు. ఆపదలో ఒక్కటైన ఊరు, నీరు తీసినంతనే రెండగుట కెవరు కారకులు?

మా వాదమునకు ఎదురుమాట లేకపోలేదు. మొదటిది: పార్టీ లేనిచోట కులమును ధనమును రాజ్యమేలునని. 1978లో అశోక్ మెహతా సంఘము పార్టీలు పంచాయతులలో బహిరంగముగా పాల్గొనుటయే మేలని సిఫారసు చేసెను. ఇది త్రోసివేయదగిన మాట కాదు. పార్టీరహితమను పేర పెద్దలు నలుగురు రచ్చబండపై కూర్చుండి పదవిని వేలము వేసి దానికి ఏకగ్రీవమని పేరుపెట్టుట మన మెఱుగనిది కాదు. 2021లో ఏకగ్రీవమైన ఊళ్లకు జనాభానుబట్టి 5 లక్షలు మొదలు 20 లక్షల రూపాయల వఱకు పారితోషికము గూడ ప్రకటించిరి. బీదవాని పోటీని నోరునొక్కి ఆపిన ఏకగ్రీవముకంటె పోటీయే నయమని మేమును ఒప్పుకొందుము. కాని పార్టీ వచ్చినచోట కులము పోయినదా? పార్టీ అభ్యర్థిని నిర్ణయించునప్పుడు మొదట లెక్కించునది ఆ వార్డులోని కులముల వోట్లనే గదా! రోగమును తొలగింపని మందు, రోగమునకు తోడు మరియొక రోగము.

రెండవది: పార్టీ యండ లేనిదే ఊరికి నిధులు రావని. ఇది విన సొంపైనది. కాని 2021లో కేంద్ర ఆర్థికసంఘము పంచాయతుల కిచ్చిన సొమ్మును విద్యుత్ బకాయిలక్రింద జమకట్టుకొనిరని రాష్ట్రమంతట సర్పంచులు ఆందోళన చేసిరి. అధికారపార్టీ మద్దతుతో గెలిచినవారును అందులో కలరు. ఏ పార్టీకై ఎండలో తిరిగి జెండా మోసిరో ఆ పార్టీ ప్రభుత్వముననే వారి ఖాతా ఖాళీయైనది. ఆనాడు సర్పంచులకు బలమిచ్చినది జెండా కాదు, జెండాలు ప్రక్కనబెట్టి కలిసికొనుట.

మూడవది: పార్టీ యున్నచో మాటకు కట్టుబా టుండునని. మండల పరిషత్తులో పార్టీగుర్తుపై గెలిచిన సభ్యుడు అధ్యక్షుని ఎన్నికలో పార్టీ ఆజ్ఞను మీరినచో సభ్యత్వము పోవునని చట్టము కలదు. అయినను ఆ ఎన్నికలు వచ్చునప్పటికి సభ్యులను బస్సులలో నెక్కించి దూరపు విడిదులలో దాచు "క్యాంపులు" ఆగినవా? పైమెట్టున నైన కట్టుబాటు నిలిచినదా? సఖినేటిపల్లి చేరియున్న రాజోలు నియోజకవర్గమునే చూడుడు. 2019లో రాష్ట్రమంతటను జనసేన గెలిచిన స్థాన మదొక్కటియే. గెలిచిన సభ్యుడు కొలదికాలములోనే అధికారపార్టీ వైపు నిలిచెను. పెద్దలు ఏటికి ఆవలికి ఈవలికి సుఖముగా దాటుచునే యుందురు. వారికొఱకు పొరుగువానితో మాట మానివేసిన వార్డు సభ్యుడు మాత్రము ఒడ్డుననే నిలిచిపోవును.

ఈ పత్రిక చదువు గృహిణులకు వేరుగా నొకమాట. 2011 నుండి మన స్థానికసంస్థలలో సగము స్థానములు స్త్రీలవి. ఎన్నేండ్ల సంస్కారఫల మిది! కాని పోటీ చేయవలసిన యామెను నిర్ణయించునది పలుచోట్ల పార్టీవారు ఆమె భర్తతో జరిపిన మంతనము. ఆమె పేరు కాగితముపైనను, అతని కండువా ప్రచారరథముపైనను కనబడును. గెలిచిన పిదప కుర్చీ ఆమెది, మాట అతనిది. సభ్యురాలు ఊరికి జవాబు చెప్పవలసినదే గాని, భర్తద్వారా పార్టీకి జవాబు చెప్పవలసినది కాదు. ఆ కుర్చీలో ఆమెయే కూర్చుండునట్లు చూచుట పొరుగింటి స్త్రీల చేతిలోని పని.

సుమారు 920 నాటి ఉత్తరమేరూరు శాసనమున ఊరి సంఘములకు సభ్యులను ఏర్పరచు విధులు చెక్కబడియున్నవి. ఆ సభ బ్రాహ్మణులది, భూమిగలవారిది. అది మనకు ఆదర్శమని మే మనము. కాని అందొక నియమము నేటికిని శిరోధార్యము: పదవిలో నుండి లెక్క చూపనివాడును, వాని దగ్గరి బంధువులును మరల సంఘమున చేరుటకు అనర్హులు. వెయ్యేండ్ల క్రిందట సభ్యుని అడిగిన ప్రశ్న "లెక్క యేది?" అనునది. నేడు మన మడుగు ప్రశ్న "ఏ పార్టీ?" అనునది.

దోషము మనయందును కలదు. 2024 ఆగస్టు 23వ తేదీన రాష్ట్రములోని 13,326 పంచాయతులందును ఒకే దినమున గ్రామసభలు జరిగినవి. చదువుకొన్నవారము మనలో నెందఱము పోయి కూర్చుంటిమి? బహిరంగసభకు జనమును లారీలలో తోలుదురని ఎగతాళి చేయు మనము, నడచిపోదగిన దూరములోని గ్రామసభకు పోము. ఖాళీ కుర్చీల యెదుట సభ్యునికి లెక్క చెప్పవలసిన పని యేమి?

కనుక మే మడుగునవి పెద్దవి కావు. పంచాయతి సభ్యుడు పదవిలో నున్నంతకాలము పార్టీపదవి వహింపరాదు. పెన్షను జాబితా, ఇంటిస్థలము జాబితా చేతబట్టుకొని వోటడుగరాదు. కార్యాలయపు గోడపై ఏ జెండా రంగును ఉండరాదు. ప్రతి గ్రామసభలోను వచ్చిన సొమ్ము, వెచ్చించిన సొమ్ము, వీథి వీథిగా చదివి వినిపింపవలయును. వీనికై క్రొత్త చట్టము రావలెనని వేచియుండ నక్కరలేదు. రేపు మన గుమ్మములోనికి వోటడుగవచ్చిన సభ్యుని కూర్చుండబెట్టి, మంచినీళ్లిచ్చి, పార్టీ యూసెత్తక, మనకు వోటు వేయని వీథిలో నీవేమి చేసితివని యడుగుదము. జవాబు చెప్పగలిగినవానికే మరల వోటు.