కాపరి పోయి కాపరి వచ్చేదాకా

బోయిన్‌పల్లి సందుల్లో గుళ్లకు కొదువ లేదు. ఒకదానికి శిఖరం ఉంటుంది, ఒకదానికి రేకుల కప్పు, ఇంకొకదానికి అద్దె గది, మైకు సెట్టు, ఇరవై కుర్చీలు. అంబేడ్కర్ పేరు పెట్టిన కూరగాయల మార్కెట్ యార్డులో మూటలు మోసేవాళ్లు, కంటోన్మెంటు రోడ్లు ఊడ్చేవాళ్లు, మెదక్, నిజామాబాద్ పల్లెలనుంచి పొట్ట చేతబట్టుకొని వచ్చినవాళ్లు ఆదివారం అక్కడే కూర్చుంటారు. మాలమాదిగలు తమ చేతులతో కట్టుకొని, తమ రూపాయితో నడుపుకుంటున్న సంస్థలు మనకు ఎన్ని ఉన్నాయి? వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. గుడి వాటిలో ఒకటి. అందుకే ఈసారి గుడి సంగతి రాస్తున్నాం.

పాస్టరు చనిపోతాడు, లేదా రిటైరవుతాడు, లేదా బదిలీ కాగితం వస్తుంది. ఆ రోజునుంచి కొత్త కాపరి వచ్చేదాకా గుడి ఎవరిది? సొంతంగా పెట్టుకున్న సంఘాల్లో కొడుకుదో అల్లుడిదో అయిపోతుంది. కరణం పోతే కరణం కొడుకు అన్నట్టే. ఊళ్లో దొరల వారసత్వాన్ని తిట్టే మనం ఇక్కడ నోరు మెదపం. మిషను సంఘాల్లో అయితే పక్క ఊరి పాస్టరుకు అదనపు బాధ్యత అప్పగిస్తారు. ఆయన నెలకోసారి వచ్చి బల్ల ఇచ్చి వెళ్తాడు. మిగతా మూడు ఆదివారాలూ రెండు వర్గాలు, నాలుగు తాళాలు. ఒక వర్గం మాల, ఒక వర్గం మాదిగ అని చెప్పడానికి సిగ్గుగానే ఉంది, కాని దాచి లాభం లేదు. రోడ్డు పక్కన ఉన్న చర్చి జాగామీద కన్నేసినవాడు కూడా ఈ సందుకోసమే కాచుకొని ఉంటాడు.

దక్షిణ ఇండియా సంఘంలో బిషప్ కుర్చీ ఖాళీ అయితే మోడరేటర్ తరఫున కమిషనరీని పెట్టే ఏర్పాటు ఉంది. పైన కుర్చీకి ఉన్న ఏర్పాటు కింద పల్లెకు ఎందుకు ఉండదు?

ఇది కొత్త ప్రశ్న కాదు. దోర్నకల్‌లో 1912నుంచి బిషప్‌గా ఉన్న అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. ఊరూరా ఉపదేశకులను తయారుచేసినవాడు. 1945 జనవరి 1న ఆయన కన్నుమూశాడు. ఆయన కుర్చీలో ఎవరు కూర్చున్నారు? ఎలియట్ అనే దొర. ముప్పైరెండేళ్లు మనవాళ్లను తయారుచేసిన చోట కూడా పై కుర్చీ దగ్గరికి వచ్చేసరికి మనవాడు సిద్ధంగా లేడన్నారు. సిద్ధం చేయలేదు అనడం న్యాయం. నంద్యాల కథ ఇంకోరకం. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు అక్కడి ఆంగ్లికన్ సంఘాల్లో పెద్దభాగం చేరలేదు. 1975దాకా బయటే ఉన్నాయి. అదే నంద్యాలకు 2013లో పుష్పలలిత గారు బిషప్ అయ్యారు, ఆ సంఘంలో మొట్టమొదటి మహిళా బిషప్.

కాపరి లేకుండా సంఘం నిలవదని ఎవరన్నా అంటే ఒంగోలు చూపించండి. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మ ఏటి దగ్గర బాప్తిస్మం తీసుకున్నారు. క్లౌ దొర ఆ పల్లెలన్నీ తిరగలేదు. యెర్రగుంట్ల పేరయ్యలాంటి మాదిగ పెద్దలు కాలినడకన తిరిగారు. దొర పేరు పుస్తకాలకెక్కింది, నడిచిన కాళ్లు వీళ్లవి.

అమెరికాలో లోరెన్ మీడ్ అనే పాస్టరు 1974లో ఆల్బన్ ఇన్‌స్టిట్యూట్ పెట్టి, ఈ ఖాళీకాలానికే తాత్కాలిక కాపరులను తయారుచేయాలని వాదించాడు. అక్కడి జీతాలు, అక్కడి సంఘాలు వేరు. అదంతా అరువు తెచ్చుకోనక్కరలేదు. ఒక్క నియమం మాత్రం తెచ్చుకోదగింది. తాత్కాలికంగా వచ్చినవాడు ఆ గుడికి శాశ్వత పాస్టరు కాకూడదు. వచ్చిన రోజే పోయే తేదీ చెప్పాలి. కుర్చీమీద ఆశలేనివాడి మాటే రెండు వర్గాలూ వింటాయి.

అతనికి ఏం నేర్పాలి? ప్రసంగం ఎలాగూ వస్తుంది. లెక్కలు రావాలి. పాత పాస్టరు వెళ్లేనాటికి కానుకల పెట్టెలో ఎంత, బ్యాంకులో ఎంత, స్థలం పత్రాలు ఎవరింట్లో ఉన్నాయో రాయించి అందరిముందు చదివించాలి. బాప్తిస్మం రిజిస్టరును కళ్లలో పెట్టుకొని కాయాలి. ఈ మాట తేలిగ్గా అనడం లేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మతం పేరుచెప్పి మన క్రైస్తవులను షెడ్యూల్డు కులాల జాబితా బయటే ఉంచింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తీశారు, మనకు ఇప్పటికీ తీయలేదు. మారినవాళ్లను బి.సి. సి గ్రూపులో పడేశారు. అంటరానితనం మాత్రం మారినవాడి వెంటే వచ్చింది. కాబట్టి గుడి గొడవలో ఓడిన మనిషి కోపంకొద్దీ ఒక పేజీ జిరాక్సు తీసి తహసీల్దారుకు ఇచ్చాడంటే ఒక పిల్ల చదువో ఒకడి ఉద్యోగమో పోతుంది. అవతల అగ్రకులం వాడు ఒక్క రాయి విసరనక్కరలేదు. మన చేత్తో మన కన్నే పొడుచుకున్నట్టు.

1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాద్ చేరిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల ఉంది. మన పిల్లలే అక్కడ చదువుతున్నారు. రిటైరైన పాస్టర్లను, సంఘాల్లో ఏళ్లతరబడి పనిచేసిన బైబిల్ స్త్రీలను పిలిచి ఇందుకోసమే నెలరోజుల శిక్షణ పెట్టమని అడుగుదాం. ఆడవాళ్లను ఊరికే అనడం లేదు. ఇంటింటి పొయ్యి సంగతి తెలిసినవాళ్లు వాళ్లు. ఏ ఇంటికీ ఏ ఇంటికీ మాటల్లేవో పాస్టరుకంటే ముందు వాళ్లకే తెలుసు.

శిక్షణ వచ్చేదాకా ఆగే పని లేదు. మీ ఊరి పాస్టరుకు బదిలీ కాగితం రాకముందే ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ కూర్చోండి. ఖాళీ వస్తే ఎవరు చూస్తారు, ఎన్ని నెలలు చూస్తారు అన్నది మినిట్సులో రాసుకొని సంతకాలు చేయండి. వేలిముద్రలైనా సరే. కానుకల పెట్టెకు రెండు తాళాలు వేయండి. ఒక చెవి మాల ఇంట్లో, ఒక చెవి మాదిగ ఇంట్లో, రెండూ ఆడవాళ్ల చేతిలో.