పిల్లియు, ఇసుకతొట్టియు

ఈ మాసమున పిల్లిని గూర్చి వ్రాయుచున్నామని నవ్వకుడు. మా తప్పిద మొకటి మీతో చెప్పుకొనక తీరదు.

గత వేసవిలో నొకనాటి సాయంకాలము పొరుగింటి చెల్లెలు మా వాకిట నిలిచి, “అక్కా, మా గండుపిల్లి పొద్దుటినుండి ఇసుకతొట్టిలో కూర్చుండి ముక్కుచున్నది, ఏమియు వెడలుట లేదు” అనెను. మేము అన్నియు తెలిసినవారివలె “మలబద్ధము, కాస్త ఆముదము పట్టుము” అంటిమి. మరునాటి రాత్రి పిల్లి చనిపోయెను. దానికి నిలిచిపోయినది మలము కాదు, మూత్రమని పశువైద్యులు తరువాత చెప్పిరి. ఆ చెల్లెలు మమ్ము నొక్కమాటయు ననలేదు.

మగపిల్లి మూత్రనాళము మిక్కిలి సన్నము. సన్నని స్ఫటికములు, జిగురు చేరి దానిని మూసివేయును. మలమునకు ముక్కుటయు, మూత్రమునకు ముక్కుటయు చూపునకు ఒక్కతీరుననే యుండును. కావున ముందుగా ఇసుకలో తడి గలదా యని చూడవలెను. తడి లేక, మాటిమాటికి తొట్టికి పోవుచు, అరచుచు, క్రింది భాగమును నాకికొనుచున్నచో తెల్లవారువరకు ఆగరాదు. ఒకటి రెండు దినములలోనే ప్రాణము పోవును. మార్జాలకిశోరన్యాయమును మనము వినియే యున్నాము. కూన తనకై ఏమియు చేసికొనజాలదు, తల్లియే నోట కఱచుకొని పోవలెను. జబ్బుపడిన పిల్లికి ఆ తల్లి మనమే.

తడి బాగుగ నుండి, రెండుదినములుగా మలము మాత్రము లేనిచో అది మలబద్ధమే. మా రామగుండపు వేసవి 45 డిగ్రీలు దాటుట క్రొత్త కాదు. పిల్లులు ఎడారిజాతి సంతతి, వానికి దాహము తెలియుట తక్కువ. అంగడిలో దొరకు పొడిగుళికలే తినుచున్నచో ఒంట నీరు చాలక, ప్రేగు మలములోని నీటిని పీల్చి దానిని రాయి చేయును. పైగా బొచ్చు నాకి మింగుటయు గలదు. మా పిల్లికి ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేక ఉడికించిన కోడిమాంసమును ఆ నీటితోనే పెట్టి, ఉడికిన గుమ్మడిగుజ్జు ఒక చెంచా కలిపితిమి. పాలు మేలని యనుకొందురు గాని ఎదిగిన పిల్లులలో పెక్కింటికి అరగవు. ఆముదము వలదు. నూనె యేదైనను బలవంతముగా పోసినచో ఊపిరితిత్తులలోనికి పోగలదు. మనుష్యులకు వాడు ఫాస్ఫేటు ఎనీమా పిల్లిని చంపును. వాంతులైనను, తిండి మానినను, మూడవ దినము వచ్చినను పశువైద్యశాలకే పోవలెను. లాక్టులోజు మోతాదు నిర్ణయించుట వైద్యుల పని.

ఇక తొట్టి మాట. భూగర్భగనులలో బొగ్గు తీసిన ఖాళీలను నింపుటకు సింగరేణివారు వాడుచు వచ్చిన గోదావరి ఇసుకయే మా తొట్టిలోను గలదు. దానిని జల్లించి, కడిగి, ఎండబెట్టి పోయుదుము. అయినను ఒకప్పుడు మా పిల్లి తొట్టిని విడిచి మావారి పుస్తకముల మూలకు పోవసాగెను. పంతులుగారి కోపమును గూర్చి వ్రాయము! కారణము వెదుకగా, తొట్టి యున్న కిటికీ మధ్యాహ్నము ఓపెన్‌కాస్టు పేలుడునకు గలగల లాడుచుండెను. లోపలిగదికి మార్చిన మూడవనాటికి కుదురుకొనెను. మలబద్ధముతో బాధపడిన పిల్లియు ఆ నొప్పి తొట్టివలననే కలిగెనని తలచి దానిని విడుచును. అప్పుడు కొట్టక, వేఱొకచోట క్రొత్త తొట్టి పెట్టవలెను. ఎన్ని పిల్లులున్నవో అంతకు ఒకటి ఎక్కువగా తొట్టు లుండుట మంచిది.

గర్భిణులు ఈ శుభ్రపుపని చేయరాదు. పిల్లిమలమున టాక్సోప్లాస్మా యను సూక్ష్మజీవి యుండవచ్చును, అది గర్భస్థశిశువునకు హాని చేయును. మలము పడిన ఒకటి రెండు దినములకు గాని దానికి అంటు శక్తి రాదు గనుక, తక్కినవారు ప్రతిదినము తీసివేయవలెను.

పొరుగింట మరల నొక కూన చేరినది. అదియు మగదే. ఆ చెల్లెలు ప్రతి ఉదయము గోడమీదుగా తొంగిచూచి, “అక్కా, ఇసుక తడిసినది” అని మాకు చెప్పుచున్నది.