ఆట అయ్యాక చెప్తా

ఇత్వార్ వస్తే అమ్మీ దగ్గరికి వెళ్ళడం నాకు ఆదత్. తమ్ముడి ఇంట్లో ఉంటుంది ఆమె. మొన్నామధ్య ఓ ఇత్వార్, దస్తర్‌ఖాన్ ఎత్తేశాక మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుని అబ్బా సంగతి ఏదో మొదలుపెట్టింది. నౌకరీలో కొత్తగా చేరిన రోజుల్లో ఏదో రైలు స్టేషన్లో ఓ రాత్రంతా వాన కురిస్తే, ముక్కూముఖం తెలియని మనిషితో అబ్బా తెల్లారేదాకా కూర్చున్న ముచ్చట అది. నేను "హౌ అమ్మీ, హౌ" అంటూనే ఉన్నా. కళ్ళు మాత్రం ఫోన్లో రంగు గోళీల మీద ఉన్నాయి. ఇంకా నాలుగు ఎత్తులు మిగిలున్నాయి, పసుపు గోళీలు మూడు పేలితే లెవెల్ దాటేస్తా. కాసేపటికి గదిలో చప్పుడు లేదనిపించి తలెత్తితే ఆమె నన్నే చూస్తోంది. ముఖంలో గుస్సా ఏమీ లేదు. "ఖేల్ లే బేటా. నీ ఆట అయ్యాక చెప్తా" అంది.

ఆట అయ్యాక. పాపం, ఆమె జమానాలో ఆట అయిపోయేది మరి.

ఇక్కడ నా గుట్టు ఒకటి చెప్పుకోవాలి. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం పబ్జీతో కలిపి 118 యాప్‌ల మీద పాబందీ పెట్టినప్పుడు, పత్రికలో అరపేజీ మజ్మూన్ రాసినవాణ్ణి నేను. తుపాకులు, రక్తం, రాత్రంతా మేల్కొనే కుర్రాళ్ళు, పట్టించుకోని తల్లిదండ్రులు. ఫోన్లు చేసి మరీ మెచ్చుకున్నారు జనం. ఆ మజ్మూన్ రాస్తున్నప్పుడు మధ్యమధ్యలో 'దిమాగ్ తాజా చేసుకోడానికి' గోళీలు పేల్చాను. రెంటికీ సంబంధం ఉందని అప్పుడు నాకు తట్టనే లేదు. మా చిన్నోడికి తట్టింది. "అబ్బూ, నేనాడితే లత్, మీరాడితే టైంపాసా?" అన్నాడు. జవాబు లేక "చదువుకో పో" అన్నాను. ఇళ్ళల్లో తండ్రులు ఓడిపోయినప్పుడు వాడే మాట అదే కదా.

మన బహసంతా నెత్తురు చుట్టే తిరుగుతోంది. తుపాకీ ఉంటే చెడ్డ ఆట, మిఠాయిలు, పండ్లు, గోళీలు, పొలాలు ఉంటే మాసూమ్ ఆట. మా బంధువుల్లో ఒక ఖాలా ఉంది, మనవడి చేతిలో ఫోను చూస్తే ఇల్లు ఎగరగొడుతుంది. ఆమె మాత్రం ఇషా నమాజు అయ్యాక ఫోన్లో పొలం దున్నుకుంటుంది. నిజంగా దున్నితే నడుం పట్టేస్తుంది గానీ, ఇందులో ఫసల్ ఎండిపోతుందేమోనన్న బేచైనీ మాత్రం అస్లీదే. ఓసారి షాదీలో వలీమా మధ్యలో లేచి వెళ్ళి టమాటాలు కోసి వచ్చింది.

నేను వీడియో గేములకు దుష్మన్‌ని కాదు. 90ల్లో మా ఊరి బస్టాండు వెనక ఒక దుకాణం ఉండేది. రెండు పాత టీవీలు, పట్టీలు ఊడిన కుర్చీలు, మారియో, కాంట్రా. రూపాయికి పది నిమిషాలు. దాని కోసం అబ్బా చేతిలో తిన్న దెబ్బలు ఇప్పటికీ గుర్తే. కానీ ఆ దుకాణం చాచా మగ్రిబ్ అజాన్ వినబడగానే స్విచ్ తీసేసేవాడు. మారియో గాల్లో ఉన్నా సరే, రహమ్ చూపేవాడు కాదు. జేబులో రూపాయి అయిపోతే ఆట అయిపోయేది. షట్టర్ దించితే అయిపోయేది. కరెంటు పోతే అయిపోయేది. తర్వాత నోకియా ఫోన్లో పాము వచ్చింది, 1997లో. ఆ పాము కూడా తన తోకను తనే కొరుక్కుని చచ్చి మనల్ని వదిలేసేది.

ఇప్పటి ఆట ముఫ్త్. మనోళ్ళలో ఒక సామెత ఉంది, ముఫ్త్ సారా ఖాజీకి కూడా హలాలేనని. జర్నలిస్టుకి కాకుండా పోతుందా? ముఫ్త్‌గా ఇచ్చిన దుకాణదారు దేని మీద బతుకుతున్నాడు అని ఆరా తీయడం నా పేషా. నా ఫోను విషయంలో మాత్రం నేనెప్పుడూ అడగలేదు.

ఈ బాపతు ఆటలకు పెద్దన్న లాంటిది క్యాండీ క్రష్. 2012లో వచ్చింది. దాని తరీఖా చూడండి. మీకు ఐదు జాన్‌లు ఇస్తారు. ఓడిన ప్రతిసారీ ఒకటి పోతుంది. పోయిన జాన్ ఒకటి తిరిగి రావాలంటే అరగంట ఇంతెజార్ చేయాలి. అంటే ఐదూ పోగొట్టుకున్నవాడికి అన్నీ తిరిగి రావడానికి రెండున్నర గంటలు. ఆగలేవా? పైసలు కట్టు, లేదంటే దోస్తులను అడుక్కో. ఒకప్పుడు ఫేస్‌బుక్ నిండా 'నాకొక జాన్ పంపండి' అని బిచ్చమడిగే మెసేజులు అవే. పాతకాలంలో దుకాణదారు సరుకు అమ్మేవాడు. వీళ్ళు ముందు మన దగ్గర సబర్ లేకుండా చేసి, తర్వాత ఇంతెజార్ నుంచి తప్పించుకునే దారిని మనకే అమ్ముతారు. పైగా ఆ అరగంట మనసులో ఎక్కడో టిక్కుటిక్కుమంటూనే ఉంటుంది. ఆట మూసేశాక కూడా ఆట నడుస్తూనే ఉంటుందన్నమాట.

ఇక ఒక్క అడుగులో ఓడిపోయే సంగతి. ఇంకొక్క ఎత్తు ఉంటే గెలిచేవాణ్ణి అనిపించి ఓడిపోతాం చూడండి, సరిగ్గా అప్పుడే 'ఇంకో ఐదు ఎత్తులు కావాలా' అని తెర మీద బటన్ వస్తుంది. ఈ కొద్దిలో తప్పిపోవడం మీద కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీ వాళ్ళు క్యాండీ క్రష్ ఆడేవాళ్ళతోనే తహఖీఖ్ చేసి 2017లో ప్రచురించారు. పూర్తిగా ఓడినవాడి కంటే కొద్దిలో ఓడినవాడికి చిరాకు ఎక్కువ, మళ్ళీ ఆడాలన్న తలబ్ కూడా ఎక్కువ అని తేలింది. ఆ తహఖీఖ్ అచ్చయింది జూదం గురించిన పత్రికలో. ఎంత కష్టంగా ఉండాలో కూడా కంపెనీ చేతిలోనే ఉంటుంది. ఆ ఆటలో 65వ లెవెల్ దాటలేక లోకమంతా గగ్గోలు పెడితే తర్వాత దాన్ని తేలిక చేశారు. తేలిక చేయగలిగినవాడు కష్టమూ చేయగలడు. చదరంగంలో ఎదుటివాడు మన రాజుని కడితే అది వాడి హునర్. ఇక్కడ ఎదుటివాడు ఎవడు?

2014 డిసెంబరులో బ్రిటన్ పార్లమెంటు సభ్యుడొకాయన పెన్షన్ల మీద కమిటీ సమావేశం జరుగుతుంటే క్యాండీ క్రష్ ఆడుతూ దొరికిపోయాడు, మాఫీ అడిగాడు. చదువుకున్న రోజు నవ్వాను. పెన్షన్ల మీద మాట్లాడుతున్నది కమిటీ. నా ముందు మాట్లాడుతున్నది మా అమ్మీ. ఆయనే నయం.

వ్యాపారం హిసాబ్ కూడా వినండి. ఆ కంపెనీ 2014లో షేర్ మార్కెట్‌కి వచ్చినప్పుడు బయటపడిన లెక్క ప్రకారం డబ్బు కట్టి ఆడేది వందలో నలుగురు మాత్రమే. ఆ నలుగురి మీదే దుకాణమంతా నడుస్తోంది. ఎంత బాగా నడిచిందంటే, తర్వాతి ఏడాది ఆ కంపెనీని 590 కోట్ల డాలర్లకు కొనడానికి ఇంకో కంపెనీ ఒప్పందం చేసుకుంది. ఎక్కువ డబ్బు పోసేవాళ్ళని ఈ ధంధాలో 'వేల్' అంటారు, అంటే తిమింగలం. ఆ మాట కాసినోల నుంచి వచ్చింది. తిమింగలాలు అంటే నవాబుల కొడుకులే అనుకోకండి. నిద్ర పట్టనివాళ్ళు, ఒంటరివాళ్ళు, ఇంట్లో ఎవరూ మాట్లాడనివాళ్ళు కూడా అందులో ఉంటారు. డబ్బు కట్టని మిగతా 96 మంది ఏం చేస్తారు? ఇష్తెహార్లు చూస్తారు. ఒక జాన్ కోసం ముప్పై సెకన్లు. మూసే గుర్తు ఎక్కడుందో వెతుక్కోవాలి, అది గోరంత ఉంటుంది, నొక్కితే ఇంకో దుకాణం తెరుచుకుంటుంది. నా గోళీల మధ్యలో నాకు కనబడిన ఇష్తెహార్లలో చిటికెలో ఖర్జ్ ఇస్తామన్నవి ఎన్నో లెక్కలేదు. ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో ఖర్జ్ ఇస్తామనే ఈ తరీఖా మన ఊళ్ళల్లో వడ్డీ వ్యాపారులకు కూడా తెలియదు.

నేనూ కట్టాను. 89 రూపాయలు. రాత్రి ఒంటిగంటకు. పొద్దున మెసేజ్ చూసి బేగమ్ అడిగితే 'రీచార్జ్' అన్నాను. 89 రూపాయలకు కాదు, ఆ అబద్ధానికి సిగ్గు పడ్డాను. అది కూడా తర్వాత చాలా రోజులకి.

మన సర్కారులు ఏమీ చేయలేదని కాదు. ఆన్‌లైన్ రమ్మీ మీద తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో పాబందీ పెట్టాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ కలిపి చట్టం చేసింది, డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆన్‌లైన్ ఆటలన్నీ బంద్. మంచిదే. రమ్మీ అప్పుల వల్ల ప్రాణాలు తీసుకున్నవాళ్ళ ఇళ్ళకు వార్త రాయడానికి వెళ్ళినవాణ్ణి, ఆ చట్టం విలువ నాకు తెలుసు. కానీ ఒక్కసారి ఆలోచించండి. డబ్బు పెట్టి డబ్బు గెలవాలని చూస్తే అది జువా, నేరం. డబ్బు పెట్టి ఏమీ గెలవకపోతే అది ఆట, తఫ్రీహ్! జూదరి కనీసం పదిసార్లలో ఒకసారైనా జేబు నింపుకుని ఇంటికొస్తాడు. గోళీలు పేల్చేవాడు గెలిచినా తెచ్చుకునేది ఇంకో లెవెల్. బెల్జియం వాళ్ళు 2018లోనే, పైసలు కట్టి లోపలేముందో తెలియకుండా కొనే పెట్టెలను జూదంగా లెక్కగట్టారు. మన దగ్గర ఆ సవాలే ఇంకా సరిగా లేవలేదు. మసీదుల్లో జుమా రోజున జూదం మీద బయాన్ వింటాం, తలలూపుతాం. బయటికొచ్చి చెప్పులేసుకునేలోపు ఎంతమంది చేతుల్లో ఏ ఆట తెరుచుకుంటుందో ఈసారి గమనించండి. నన్నూ కలుపుకునే చెప్తున్నా.

ఉర్దూ బళ్ళో మా ఉస్తాద్ ప్రేమ్‌చంద్ కథ చెప్పేవారు, 'శత్రంజ్ కే ఖిలాడీ'. సత్యజిత్ రే 1977లో సినిమా కూడా తీశాడు. 1856లో అవధ్‌ను కంపెనీ వాళ్ళు మింగేస్తుంటే మీర్, మీర్జా ఇద్దరూ చదరంగం బల్ల వదలరు. నవాబునే పట్టుకుపోతున్నా ఎత్తుల ధ్యాసే. ఉస్తాద్ దాన్ని కాహిలీ మీద పాఠంగా చెప్పేవారు. ఇప్పుడు తలచుకుంటే నాకు ఆ ఇద్దరి మీద కొంచెం అసూయ కలుగుతోంది. వాళ్ళు కనీసం ఒకరికొకరు ఎదురుగా కూర్చున్నారు. తిట్టుకున్నారు, చివరికి కత్తులు దూసుకున్నారు. వాళ్ళ బల్ల కంపెనీది కాదు. మన బల్ల కూడా కంపెనీదే.

ఇన్ని చెప్తున్నానని ఆడేవాళ్ళందరినీ దోషులను చేయడం నా నియ్యత్ కాదు. రాత్రి డ్యూటీలో నర్సు, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్, పది ఇళ్ళ గిన్నెలు తోమి బస్సు కోసం నిలబడ్డ ఆడమనిషి, వాళ్ళు పది నిమిషాలు పండ్లు కోసుకుంటే మనకేం పోయింది? అడ్డం చెప్పే హక్కు నాకు లేదు. ఎత్తిచూపాల్సింది ఆ పది నిమిషాలను గంట చేసే కారీగరీని. అందరు కారీగర్లూ ఒకలా ఉండరు కూడా. వియత్నాం కుర్రాడొకడు ఫ్లాపీ బర్డ్ అని ఒక పిట్ట ఆట చేశాడు. రోజుకి 50 వేల డాలర్లు తెచ్చిపెడుతోందని అప్పట్లో ఖబర్లు. జనం దానికి బానిసలవుతున్నారని, తనకు నిద్ర పట్టడం లేదని చెప్పి 2014 ఫిబ్రవరిలో తనే తీసేశాడు. అలాంటి గైరత్ ఉన్న మరో పేరు చెప్పమంటే నాకు వెంటనే గుర్తురావడం లేదు.

ఇంకోటి, లాక్‌డౌన్‌లో లూడో కింగ్ మా ఇంటికి చేసిన మేలు కాదనలేను. ముంబైవాళ్ళు చేసిన ఆట అది. జిద్దాలో ఇరుక్కుపోయిన మా ఆపా కొడుకు, తమ్ముడి పిల్లలు, మా పిల్లలు, ఫోన్ కాల్ పెట్టుకుని ఒకే బల్ల మీద ఆడేవాళ్ళు. "మామూ చీటింగ్" అని అక్కడి నుంచి అరుపు వినబడితే అమ్మీ కళ్ళల్లో నీళ్ళు. మన పచ్చీస్ ఎక్కడెక్కడో తిరిగి లూడో అయి మళ్ళీ మన గడపకే వచ్చిందని నేనే మురిసిపోయాను. ఆ రోజుల్లోనే పిల్లలు అమ్మీ ఫోన్లో కూడా ఎక్కించారు. నాలుగు గోటీలు ఇంట్లోకి పోతే లూడో అయిపోతుంది, అదీ దాని షరాఫత్.

నా గోళీల ఆటను నెల కిందట తీసేశాను. తోబా చేసినంత గొప్పగా ఏమీ లేదు. మొదటి వారం బొటనవేలు ఖాళీ తెర మీద అదే జాగాలో తడుముకుంటూనే ఉండేది. ఇప్పుడు ఆ వక్త్‌లో పెద్దగా ఏమీ చేయడం లేదు. కిటికీలోంచి చూస్తున్నా, అంతే.

మొన్న ఇత్వార్ మళ్ళీ వెళ్ళాను. ఫోను స్కూటర్ డిక్కీలో పెట్టి మరీ లోపలికి వెళ్ళా. "అమ్మీ, ఆ స్టేషన్ ముచ్చట చెప్పు, అబ్బా వానలో ఎవరితోనో కూర్చున్నాడన్నావ్" అన్నాను.

"ఏ స్టేషన్?" అంది. నిజంగానే యాద్ లేదో, చెప్పాలనిపించలేదో తెలియదు. కళ్ళద్దాలు ముక్కు మీదికి జారి ఉన్నాయి, చేతిలో ఫోను. అటువైపు జిద్దా నుంచి మనవడు ఏదో అరుస్తున్నాడు.

"ఠైర్ బేటా, ఈ పచ్చ గోటీ ఇంటికి పోనీ" అంది.

పక్కన కూర్చున్నాను. ఆమెకు ఆరు పడాలి.